మెల్‌బోర్న్ నుంచి గ్రేట్ ఓషన్ రోడ్ ఒక్క రోజులో చూడొచ్చా?

చూడొచ్చు, పొద్దున్న ఏడుకల్లా బయల్దేరితే. వెళ్లేటప్పుడు టార్కీ, లోర్న్, అపోలో బే మీదుగా తీరం వెంటే వెళ్లండి. అక్కడా మనలాగే ఎడమవైపు నడపాలి కాబట్టి సముద్రం మీ పక్కనే ఉంటుంది, ఆగడం తేలిక. సముద్రంలో నిలబడ్డ రాతిస్తంభాలు, ట్వెల్వ్ అపొస్తల్స్‌కి ఆగకుండా వెళ్లినా నాలుగున్నర గంటలు పైనే. పేరుకే పన్నెండు, 2005లో ఒక రాతిస్తంభం కూలిపోయింది కూడా. అక్కడే తిరిగొచ్చేయకండి! కాస్త పడమరగా ఉన్న లాక్ ఆర్డ్ గార్జ్ తప్పక చూడాలి. 1878లో లాక్ ఆర్డ్ అనే ఓడ ఇక్కడ మునిగితే 54 మందిలో ఇద్దరే బతికారు. గిబ్సన్ స్టెప్స్‌లో బీచ్‌కి దిగడానికి 86 మెట్లు. అలలు ఉద్ధృతంగా ఉంటే దిగొద్దు. తిరుగు ప్రయాణం తీరం వదిలి, లోపలి ఊరు కోలాక్ మీదుగా, దాదాపు మూడు గంటలు. చీకట్లో తీరపు మలుపులు ప్రమాదం. మసక వెలుతురులో కంగారూలు ఏ రోడ్డు మీదికైనా దూకుతాయి, వేగం తగ్గించండి.