ఒక కన్ను మూస్తే మెదడులో మారేదేమిటి?

ప్రశ్న: పుట్టేనాటికే మెదడులో న్యూరాన్లు (నాడీకణాలు) దాదాపు అన్నీ ఉంటాయని చదివాను. అలాంటప్పుడు పసితనంలో చూసినవీ విన్నవీ మెదడు నిర్మాణాన్నే మారుస్తాయని ఎలా అంటారు? ఒక కంటిలో శుక్లంతో పుట్టిన శిశువుకు ఆపరేషన్ ఆలస్యం చేయవద్దని వైద్యులు తొందరపెట్టడం ఇందుకేనా?

జవాబు: మీరు చదివింది చాలావరకు నిజమే. పుట్టిన తర్వాత ప్రధానంగా మారేవి న్యూరాన్ల మధ్య ఉండే సినాప్సులు, అంటే ఒక కణం నుంచి మరో కణానికి సంకేతం దాటే కూడళ్లు. ఏ న్యూరాన్ పోగు ఎటు సాగాలో జన్యువులు, రసాయన సంకేతాలు స్థూలంగా నిర్ణయిస్తాయి. అలా అవసరానికి మించి ఏర్పడిన సినాప్సుల్లో ఏవి నిలవాలో, ఏవి తొలగిపోవాలో తేల్చడంలో మాత్రం వాటి గుండా నడిచే విద్యుత్ సంకేతాలదే పెద్ద పాత్ర.

దీనిని స్పష్టంగా చూపినవారు మెదడు శాస్త్రవేత్తలు డేవిడ్ హ్యూబెల్, టార్‌స్టెన్ వీసెల్. 1960లలో వారు పిల్లికూనల ఒక కంటి రెప్పలను కుట్టివేసి, కొన్ని వారాల తర్వాత తెరిచి పరీక్షిస్తే, ఆ కంటి రెటీనా (కంటి వెనుక కాంతిని గ్రహించే పొర) బాగానే పనిచేస్తున్నా, దృష్టికి సంబంధించిన మెదడు పొరలోని కణాలు దాదాపు అన్నీ రెండో కంటికే స్పందించాయి. పెద్ద పిల్లులలో ఇదే పని చేస్తే అలాంటి మార్పు రాలేదు. నా దృష్టిలో ఇంతకంటే విలువైన సంగతి మరొకటుంది. రెండు కళ్లనూ మూసినప్పుడు చాలా కణాల స్పందన అస్తవ్యస్తమైనా, ఆ కళ్లకు స్పందించే కణాలు గణనీయంగానే మిగిలాయి. అంటే సంకేతాలు అందకపోవడం ఒక్కటే నష్టానికి కారణం కాదు. చోటు కోసం రెండు కళ్ల మధ్య జరిగే పోటీ కూడా కారణమే.

ఈ పోటీ సినాప్సు దగ్గరే తేలుతుంది. అక్కడ సంకేతం అందుకునే కణం మీద ఉండే ఎన్‌ఎండీఏ గ్రాహకం అనే ప్రోటీన్, పంపే కణం విడిచే గ్లుటమేట్ అనే రసాయనం వచ్చి తగలడంతోపాటు అందుకునే కణం అప్పటికే ఉత్తేజితమై ఉంటేనే కాల్షియంను బాగా లోపలికి రానిస్తుంది. ఆ కాల్షియం వల్ల సినాప్సు బలపడుతుంది. సంకేతాలు ఇలా ఒకే సమయంలో కలిసిరాని సినాప్సులు క్రమంగా బలహీనపడి తొలగిపోతాయి. ఇదంతా చూపుతోనే మొదలవుతుందనుకోనక్కరలేదు. క్షీరదాలలో కళ్లు తెరవకముందే రెటీనాలో తమంతట తామే పుట్టే విద్యుత్ తరంగాలు ఈ పని ప్రారంభిస్తాయి.

ఇక మీ చివరి ప్రశ్నకు జవాబు, అవును. ఒక కంటికే శుక్లం ఉన్నప్పుడు సాధారణంగా తొలి 6 వారాల ప్రాంతంలోనే దానిని తొలగించాలని చూస్తారు. ఆ తర్వాత బాగున్న కంటికి రోజూ కొన్ని గంటలు ప్యాచ్ వేసి, వెనుకబడిన కంటికి పోటీలో అవకాశమిస్తారు. ప్యాచ్ అతిగా వేస్తే బాగున్న కన్నే వెనుకబడవచ్చు కనుక, ఆ గంటలను వైద్యులే నిర్ణయించాలి.