బండిని చూసి మనిషిని చెప్పగలమా?

ప్రశ్న: శ్రీకాకుళంలో తెల్ల స్కార్పియో కనిపిస్తే చాలు, ‘ఎవరో నాయకుడు, తప్పుకో’ అంటారు. ఇందులో నిజమెంత? కొందరు ఒకే కంపెనీని ఎందుకు పట్టుకుని ఉంటారు?

రెండోదానికి జవాబు మెకానిక్ షెడ్డులో దొరుకుతుంది. 1983లో మారుతి 800 వచ్చాక ఒక తరం మెకానిక్‌లు దాని మీదే పని నేర్చుకున్నారు. పాలకొండలో బండి ఆగితే సామాను అక్కడే దొరకాలి, విప్పడం తెలిసినవాడు ఉండాలి. మొదట అది లెక్కే, అభిమానం తర్వాత పుడుతుంది. మా మావయ్య ఇంకో కంపెనీ భక్తుడు, పేరెందుకు లెండి. మూడో బండికి మొదటి వేసవిలోనే ఏసీ పోయింది. ‘ఎండలు అలాగున్నాయి, దాని తప్పేటి?’ అన్నాడు. అదే పక్కింటాయన బండికైతే ‘నాను ముందే సెప్పినాను’ అనేవాడు! లక్షలు పోశాక మన ఎంపికను మనమే వెనకేసుకొస్తాం.

ఇక స్కార్పియో సంగతి. 16వ నంబరు జాతీయ రహదారి మీద పది స్కార్పియోలు మర్యాదగా పోతే గుర్తుండవు. ఒక్కటి ఎడమ పక్కనుంచి దూసుకుపోతే ఇంటికెళ్లి మరీ చెప్తాం. కాస్త నిజమూ లేకపోలేదు: ఎత్తున కూర్చున్నవాడికి తన వేగం తక్కువగా అనిపిస్తుంది. కానీ స్టీరింగ్ పట్టినవాడు యజమానే అని ఏముంది? చాలాసార్లు అతను జీతం డ్రైవరు, వెనక సీటులోంచి ‘తొందరగా పోనీ’ అనేది వేరొకరు.