పార్టీని చూసి ఓటెయ్యాలా, మనిషిని చూసి వెయ్యాలా?

"మా ఇంట్లో అందరిదీ ఒకే పార్టీ. ఈసారి ఆ పార్టీ అభ్యర్థి నాకు నచ్చలేదు. వేరేవాళ్లకు వేస్తే ద్రోహం చేసినట్టా?" అని ఒకరు నన్ను అడిగారు. ఈ టెన్షన్ మా ఇంట్లోనే చూశాను కాబట్టి రాస్తున్నాను.

మాది ఖమ్మం జిల్లాలో ఒక పల్లె. 1983 నుంచి మా నాన్నకు సైకిల్ తప్ప వేరే గుర్తు లేదు. భూమి కాగితం కోసం మా తాత చెప్పులు విడిచి పట్వారీ ఇంటి ముందు గంటల తరబడి నిలబడేవాడట. ఎన్టీఆర్ ప్రభుత్వం ఆ పటేల్-పట్వారీ వ్యవస్థనే ఎత్తేసింది. ఓటేసిన ప్రతిసారీ నాన్న తాతను తలుచుకునేవాడు.

2018 డిసెంబర్‌లో తెలుగుదేశం కాంగ్రెస్‌తో పొత్తు పెట్టుకుని, 119 సీట్లలో 13 చోట్లే పోటీ చేసింది. మా సీటు కాంగ్రెస్‌కు పోయింది. ముప్పై ఐదేళ్లుగా ఏ గుర్తును ఓడించాలని ఓటేశాడో, ఆ చేతి గుర్తు మీదే నాన్న నొక్కాల్సి వచ్చింది. బూత్ నుంచి వచ్చి, కండువా తీసి దండెం మీద వేసి, అరుగు మీద కూర్చున్నాడు. "పార్టీ చెప్పింది, వేశాను" అన్నాడు. ఆ మధ్యాహ్నం అన్నం ముట్టలేదు.

ఆరు నెలలు తిరిగేసరికి రాష్ట్రంలో గెలిచిన 19 మంది కాంగ్రెస్ ఎమ్మెల్యేల్లో ఒకరు ఎంపీగా గెలిచి రాజీనామా చేశారు, మిగిలిన 18 మందిలో 12 మంది టీఆర్ఎస్‌లో కలిసిపోయారు. మూడింట రెండు వంతుల మంది కలిసి వెళ్తే ఫిరాయింపుల చట్టం కింద పదవి పోదు. టీవీలో ఆ వార్త చూసి నాన్న, "మరి నేనెందుకురా అంత బాధపడ్డాను?" అన్నాడు. ఏం చెప్పాలో నాకు తోచలేదు.

అప్పట్నుంచి, అది ఏ ఎన్నిక అన్నది ముందు చూసుకుంటున్నాను. సర్పంచ్ ఎన్నికకు పార్టీ గుర్తులే ఉండవు. మురుగు కాలువ తీయించేది, నల్లా నీళ్లు రాకపోతే ఫోన్ ఎత్తేది ఎవరో చూసి వేస్తాను, వాళ్లు ఏ పార్టీ వాళ్లైనా సరే. అసెంబ్లీ, పార్లమెంటు లెక్క వేరు. సభలో పార్టీ విప్ జారీ చేస్తే ఎంత మంచి ఎమ్మెల్యే అయినా అటే ఓటెయ్యాలి, కాదంటే పదవికే ముప్పు. అందుకే అక్కడ పార్టీని పక్కన పెట్టమని నేను చెప్పను. కానీ గెలిచాక ఆ పార్టీలో నిలబడే మనిషేనా అని కూడా చూడండి. ఆ తర్వాత మీ మనసు వేరే గుర్తు వైపు మొగ్గితే అది ద్రోహం కాదు. మీ పెద్దవాళ్లు ఏం కోరుకుని ఆ పార్టీని నమ్ముకున్నారో ఒకసారి వాళ్లనే అడిగి చూడండి.

2023లో తెలంగాణలో తెలుగుదేశం పోటీయే చెయ్యలేదు. పోలింగ్‌కు రెండు రోజుల ముందు నాన్న నన్ను పిలిచి, అభ్యర్థుల అఫిడవిట్లు ఫోన్‌లో తీసి చదవమన్నాడు. ఆస్తులు విన్నాడు, కేసుల దగ్గర ఆపి రెండోసారి చదివించుకున్నాడు. ఎవరికి వేశాడో చెప్పలేదు, నేనూ అడగలేదు. ఆ రోజు మాత్రం ఇంటికొచ్చి కడుపు నిండా అన్నం తిన్నాడు.