కాలిన గాయానికి జంతువు చర్మంతో చేసిన పొర వేస్తామంటున్నారు, ఒప్పుకోవచ్చా?

టెక్కలి నుంచి అడిగినవారికి: మరిగే నూనె పడి మీ అమ్మగారి పాదం కాలిందనీ, డాక్టరు కొలాజెన్ (చర్మానికి బలమిచ్చే ప్రోటీన్) పొర వేస్తామన్నారనీ రాశారు. బ్రెజిల్‌లో కాలిన గాయాలకు చేప చర్మం చుట్టడం వీడియోలో చూసి, మన దగ్గర చేపలకు కొదవ లేదు కదా, ఇంట్లోనే శుభ్రంగా కడిగి వేయవచ్చా అని కూడా అడిగారు.

డాక్టరు చెప్పినదానికి నిశ్చింతగా ఒప్పుకోండి. చేప ఆలోచన మాత్రం ఇప్పుడే మానేయండి.

నాది కళింగపట్నం దగ్గర ఊరు. చెన్నైలో పంది చర్మం నుంచి ఇలాంటి పొరలు తయారుచేసే ఒక చిన్న సంస్థలో నాలుగేళ్లు పనిచేశాను. చర్మం మంచు పెట్టెల్లో వచ్చేది. వెంట్రుకలు, కొవ్వు తీసేశాక గాఢమైన ఉప్పు నీటిలో నానబెట్టేవాళ్లం. ఉప్పు చేపల మధ్య పెరిగినవాడిని, ఉప్పంటే నిల్వ చేయడానికే అనుకునేవాణ్ణి. అక్కడ దాని పని వేరు. కొన్ని గంటలయ్యాక పట్టకారుతో పట్టి లాగితే పై చర్మం ఉల్లిపొరలా జారి వచ్చేస్తుంది. కింద తెల్లగా, తడి గుడ్డలా మిగిలేదే మనకు కావలసింది.

అందులో ఇంకా పంది కణాలుంటాయి. మన ఒంట్లో లేని ఒక రకం చక్కెర పంది, ఆవు కణాల మీద ఉంటుంది. మన రక్తం దాన్ని చూడగానే శత్రువుగా గుర్తిస్తుంది. అందుకే సబ్బు జాతి రసాయనంతో కణాలను కరిగించి కడిగేస్తారు. ఇక ఆ రసాయనాన్ని వదిలించడమే పెద్ద పని, నా ఉద్యోగంలో సగం అదే. చిన్న ముక్కను గాజు గొట్టంలో మంచినీళ్లలో వేసి గట్టిగా ఊపేవాణ్ణి. పైన కాస్త నురగ కనిపించినా మొత్తం మళ్లీ కడగాల్సిందే, ఎందుకంటే ఆ మిగిలిన రసాయనం రోగి కణాలనూ చంపుతుంది. విసుగొచ్చి రెండుసార్లు తిట్టుకున్న మాట నిజమే. కణాలు పోయాయని చెప్పడానికి కంటిచూపు చాలదు. ఎండిన పొర 1 మిల్లీగ్రాములో డీఎన్ఏ 50 నానోగ్రాములు మించకూడదన్నది ఈ రంగంలో ఎక్కువమంది పాటించే గీటురాయి. చివరికి ఆరబెట్టి, సంచిలో మూసి, క్రిములు చావడానికి గామా కిరణాలకు పంపేవాళ్లం, మోతాదు 25 కిలోగ్రే (రేడియేషన్ కొలత). అంతా అయ్యాక మిగిలేది కొలాజెన్ అల్లిక, అంటే మన కణాలు పాకడానికి ఒక పందిరి.

బ్రెజిల్‌లోని ఫోర్తలేజాలో వాడిన తిలాపియా చేప చర్మం కూడా బజారు నుంచి నేరుగా గాయం మీదకు వెళ్లలేదు. క్రిమిసంహారకంలో, ఆపై అంచెలంచెలుగా గాఢత పెంచిన గ్లిసరాల్‌లో ఉంచి, రేడియేషన్ ఇచ్చాకే వేశారు. పచ్చి చేప మీద విబ్రియో, ఏరోమొనాస్ వంటి బాక్టీరియా ఉంటాయి. మామూలు చర్మానికి ఏమీ కాకపోవచ్చు, కాలిన చర్మానికి కాపలా లేదు. అమ్మగారికి షుగర్ ఉంటే మరీ ప్రమాదం.

మూడేళ్ల క్రితం పలాసలో మా మామయ్య చేతి మీద మరిగే నీళ్లు పడ్డాయి. పక్కింటివారు ప్రేమగా టూత్‌పేస్టు పూశారు. ఆసుపత్రిలో దాన్ని వదిలించేటప్పుడు ఆయన పడ్డ బాధ కాలినప్పటికంటే ఎక్కువ. తర్వాత కొలాజెన్ పొర వేశారు. ఆయనకు తెచ్చినది ఆల్కహాల్ కలిపిన ద్రవంలో నిల్వ ఉన్న రకం. నర్సు దాన్ని సెలైన్‌లో బాగా కడిగి, గాయం మీద పరిచి, కింద చిక్కుకున్న గాలి బుడగలను తడి గాజుగుడ్డతో అంచుల వైపు నెట్టింది. ఆ రాత్రే నొప్పి తగ్గిందన్నారు.

రెండు సంగతులు డాక్టరును అడగండి. మొదటిది, కాలిన లోతు ఎంత? పైపైన కాలితే పొర చాలు. పూర్తి మందం కాలితే ఇది తాత్కాలిక కప్పు మాత్రమే, తర్వాత తొడ నుంచి ఆమె చర్మమే తీసి ఎక్కించాలి. రెండోది, ఏ జంతువుది? కొలాజెన్ పొరల్లో చాలావాటికి మూలం ఆవు జాతి పశువులే. ఇంట్లో పట్టింపు ఉంటే మొహమాటపడకుండా ముందే చెప్పండి, వేశాక తెలిసి బాధపడడం కంటే అది మేలు.

పొర ఎండి అట్టలా గట్టిపడితే కంగారు వద్దు. చీము, దుర్వాసన, జ్వరం వస్తే మాత్రం ఆ పూటే తీసుకెళ్లండి. మామయ్యకు పదో రోజున అంచులు లేచాయి. లాగకుండా లేచినంత మేరకే కత్తెరతో కత్తిరిస్తూ వచ్చాం, కింద లేత గులాబీ రంగు చర్మం కనిపించింది.