షెడ్డులోకి ర్యాంపు, ఇంట్లోకి ఈఎంఐ

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. తెనాలిలో ఒక షోరూం సర్వీసు సెంటర్లో టూవీలర్ మెకానిక్‌ని. జీతం 19,000. సాయంత్రాలు, ఆదివారాలు ఇంటి పక్క రేకుల షెడ్డులో నెలకు 25 బళ్ల దాకా చేస్తాను. ఖర్చులు పోను బండికి 250 మిగులుతుంది. నేల మీద కూర్చుని చేసీ చేసీ నడుము, మోకాళ్లు పట్టేస్తున్నాయి. బండిని నిలబెట్టి పైకెత్తే ర్యాంపు కొందామనుకుంటున్నాను. కరెంటుతో లేచేది 62,000 అన్నారు. క్రెడిట్ కార్డు మీద 16 శాతం వడ్డీకి 12 నెలల ఈఎంఐ ఉందట. కాలితో తొక్కే హైడ్రాలిక్ ర్యాంపు 28,000. బ్యాంకులో 85,000 ఉన్నాయి. 20 నెలల లక్ష చీటీ ఆరో నెలలో ఉంది, పోయిన నెల పాట 22,000కి పోయింది. చీటీ కట్టుబడితో కలిపి ఇంటి ఖర్చు 22,000. చీటీ పాడమంటారా, ఈఎంఐ పెట్టమంటారా?

జవాబు: రెండూ వద్దు. ర్యాంపు మాత్రం కొనండి, ఇవాళ కాదు.

మీరు రాసిన అంకెల్నే ఒకచోట పెట్టి చూద్దాం. జీతం 19,000, షెడ్డు మీద 6,250. మొత్తం 25,250. ఖర్చు పోను చేతిలో మిగిలేది 3,250. ఆ కార్డు ఈఎంఐ నెలకు దాదాపు 5,625 పడుతుంది. అంటే మొదటి నెల నుంచే 2,375 తక్కువ. ఏడాదికి వడ్డీ 5,500, దాని మీద జీఎస్టీ ఇంకో 990, ప్రాసెసింగ్ ఫీజు వేరే. ఒక్క వాయిదా తప్పితే కార్డువాళ్ల పెనాల్టీ సంగతి మీకు చెప్పక్కర్లేదు. చీటీ పాట ఇంకా ఖరీదైన దారి. 22,000 వదులుకుని ఆ డబ్బుతో 62,000 వస్తువు కొంటే అది 84,000 వస్తువే. చీటీని దాని దారిన పోనివ్వండి.

ఇప్పుడు అసలు ప్రశ్న. ర్యాంపు వస్తే ఏం మారుతుంది? ఈ జవాబు రాసే ముందు నా బండి చూసే మెకానిక్ దగ్గర అరగంట కూర్చున్నాను. వంగడం, లేవడం తగ్గితే సర్వీసింగ్‌లో బండికి అరగంట కలిసొస్తుందన్నాడు. మీ 25 బళ్లకు అది పన్నెండున్నర గంటలు. ఆ గంటల్లో ఇంకో పది బళ్లు వస్తే నెలకు 2,500 అదనం. తొక్కే ర్యాంపు డబ్బు 11, 12 నెలల్లో తిరిగొస్తుంది. కరెంటుదానికి రెండేళ్లు దాటుతుంది. కానీ ఆ పది బళ్లు ఎక్కడి నుంచి వస్తాయి? షెడ్డులో ర్యాంపు ఉందని వీధిలో ఎవరూ బండి తేరు. కాబట్టి పైసా అదనంగా రాకపోయినా సరే, నా నడుము కోసం కొంటున్నాను అనుకోగలిగితేనే కొనండి. నా మటుకు 28,000 వరకు అలా అనుకోవచ్చు. 62,000కి అనుకోలేను.

ధర అడిగేటప్పుడు 18 శాతం జీఎస్టీ కలిపి చెప్పారో లేదో చూసుకోండి. ఏడాదికి 20 లక్షల లోపు సర్వీసు పనికి మీరు జీఎస్టీ రిజిస్ట్రేషన్ తీసుకోనక్కర్లేదు. తీసుకోకపోతే కట్టిన పన్ను వెనక్కీ రాదు, అదీ ధరలో భాగమే.

కరెంటు ర్యాంపు మీద నాకున్న ఇంకో అభ్యంతరం మీటరు. ఇంటి కనెక్షన్ మీద వ్యాపారం నడిపితే 2003 విద్యుత్ చట్టం 126వ సెక్షన్ కింద ఆ వాడకానికి రెట్టింపు టారిఫ్ వేయొచ్చు. షెడ్డులో బల్బు వెలుగుతుంటే ఎవరూ పట్టించుకోకపోవచ్చు, మోటారు బిగించాక అలా ఉండదు. గాలితో లేచేదానికైతే కంప్రెసర్ కూడా కావాలి. తొక్కే ర్యాంపుకి మీ కాలు చాలు.

మోసే బరువు గురించి అమ్మేవాడు ఎక్కువ చెప్తాడు. స్ప్లెండర్ 112 కిలోలు, క్లాసిక్ 350 దాదాపు 195. నాలుగైదు వందల కిలోలు మోసేదానికి ఎక్కువ డబ్బు పెట్టకండి, 300 చాలు. చూడాల్సినవి వేరే. ఎత్తాక ఇనుప కడ్డీతో పడే లాక్ ఉండాలి, ఎందుకంటే ఆయిల్ సీలు కారితే హైడ్రాలిక్ మెల్లగా దిగుతుంది. ముందు చక్రం పట్టే బిగింపు గట్టిగా ఉండాలి. వెనక చక్రం కింద పలక ఊడి రావాలి, లేకపోతే టైరు పని వచ్చిన ప్రతిసారీ బండి దించుకోవాల్సిందే. ఇంకోటి, మీ రేకులు. బల్ల మూడు అడుగులు లేచి, దాని మీద మూడున్నర అడుగుల బండి ఉంటే, షెడ్డు వాలు వైపు తగలొచ్చు. టేపు పెట్టి కొలిచాకే అడ్వాన్సు ఇవ్వండి.

సెకండ్ హ్యాండ్ దొరికితే వదలకండి. షోరూంలు మారేటప్పుడు, మూసేసేటప్పుడు పాతవి అమ్ముతాయి. ఆ కబురు మీకే ముందు తెలుస్తుంది. కొనేముందు బండి ఎక్కించి సగం ఎత్తులో, లాక్ వేయకుండా ఆపండి. కింద ఎవర్నీ ఉండనివ్వకండి. ఎత్తు కొలిచి, టీ తాగి వచ్చి మళ్లీ కొలవండి. దిగితే బేరం ఆడండి, లేదా వదిలేయండి.

డబ్బు ఎలాగంటే, మూడు నెలల ఇంటి ఖర్చు 66,000 బ్యాంకులో కదలకూడదు. 85,000లో పోగా మిగిలేది 19,000. నెలకు 3,250 చొప్పున మూడు నెలలు పక్కన పెడితే 28,750. అప్పుడు రొక్కం ఇచ్చి తెచ్చుకోండి. ఆటో కిరాయి బేరంలోనే కలిపేయించండి.

చేతివృత్తులవాళ్ల కోసం కేంద్రం పెట్టిన పీఎం విశ్వకర్మ పథకంలో 15,000 టూల్‌కిట్ సాయం వస్తుందని మీకు ఎవరైనా చెప్పొచ్చు. ఆ 18 వృత్తుల్లో కమ్మరి, తాళాలు చేసేవారు ఉన్నారు, టూవీలర్ మెకానిక్ లేడు. చిన్న వ్యాపారాలకు అప్పులిచ్చే ముద్ర పథకంలో శిశు రుణం 50,000 వరకు హామీ లేకుండా ఇస్తారు. ఉద్యోగం మానేసి సొంత షాపు పెట్టే రోజున దాని గురించి మాట్లాడుకుందాం. ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటే చిన్న వ్యాపారాలకు ప్రభుత్వ నమోదు మాత్రం ఇప్పుడే చేసుకోండి. అది ఉచితం, ఏజెంటుకి రూపాయి ఇవ్వకండి.

ఈ మూడు నెలలూ నేల మీద కూర్చోకండి. చక్రాల పీట ఒకటి ఈ వారమే కొనుక్కోండి. నొప్పి నడుము దాటి కాల్లోకి దిగుతుంటే ర్యాంపు కన్నా ముందు ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఆ ఫీజు 66,000లోంచి తీయొచ్చు.