ఈసీఈ చదివి అమెరికాలో కంప్యూటర్ ఇంజనీరింగ్ ఎంఎస్ చేయవచ్చా?

కందుకూరు దగ్గర ఈసీఈ చదివానని, అమెరికాలో కంప్యూటర్ ఇంజనీరింగ్ ఎంఎస్‌కు ఏ విశ్వవిద్యాలయం మంచిదని అడిగారు. మాది టంగుటూరు. నేనూ ఈసీఈ చదివే వెళ్లాను. విశ్వవిద్యాలయం సంగతి తర్వాత, ముందు ఇది వినండి.

మొదటి సెమిస్టర్ ల్యాబ్‌లో ఎఫ్‌పీజీఏ బోర్డు ఇచ్చారు. అంటే లోపలి సర్క్యూట్‌ను మనమే కోడ్ రాసి మార్చుకోగల చిప్ ఉన్న బోర్డు. బటన్ నొక్కిన ప్రతిసారీ అంకె ఒకటి పెరగాలి, అంతే. సర్క్యూట్లను వర్ణించే వెరిలాగ్ అనే భాషలో రాశాను, సిమ్యులేషన్‌లో, అంటే కంప్యూటర్‌లోనే నడిపి చూస్తే, చక్కగా వచ్చింది. బోర్డు మీద మాత్రం ఒకసారి నొక్కితే 4, మళ్లీ నొక్కితే 9. తప్పు కోడ్‌లోనే ఉందనుకుని అర్ధరాత్రి దాటేవరకు తిరగరాస్తూ కూర్చున్నాను. పక్క బల్ల దగ్గరి అమ్మాయి వచ్చి, కరెంటు సిగ్నల్‌ను తెర మీద గీతగా చూపే ఆసిలోస్కోపు తగిలించింది. తెర మీద గీత దువ్వెన పళ్లలా కనిపించింది. బటన్ లోపలి లోహపు రేకులు ఒక్కసారే అతుక్కోవు, కొన్ని మిల్లీసెకన్లపాటు ఎగిరెగిరి తాకుతాయి. ఆ కాసేపు లెక్కపెట్టకుండా ఆగమని కోడ్‌లో చేరిస్తే సరిపోయింది.

నాలుగేళ్లు ఎలక్ట్రానిక్స్ చదివిన నాకు ఇది తెలియదు. మా కాలేజీలో ల్యాబ్ అంటే సీనియర్ల రికార్డు చూసి రాయడమే, రీడింగులతో సహా. మా నాన్న పొగాకు బ్యారన్ (ఆకును వేడితో ఆరబెట్టే గది) దగ్గర రాత్రంతా మేలుకుని థర్మామీటరు చూస్తూ మంట సరిచేసేవారు. ఆకు పాడైతే ఏడాది కష్టం పోతుంది కనుక ఆ రీడింగును ఏనాడూ ఊహించుకోలేదు. ఆయన డబ్బుతో చదువుతూ మేము మాత్రం అంకెలు ఊహించి రాశాం. తలచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

కన్సల్టెన్సీల వాళ్లు ఇవేవీ చెప్పరు. కంప్యూటర్ సైన్స్, కంప్యూటర్ ఇంజనీరింగ్ ఒకటే అంటారు. ఒకటి కాదు. ర్యాంకులు పక్కనపెట్టి కోర్సుల జాబితా తెరవండి. కంప్యూటర్ ఆర్కిటెక్చర్, వీఎల్‌ఎస్‌ఐ (చిప్‌ల తయారీ డిజైన్), ఎంబెడెడ్ సిస్టమ్స్ (యంత్రాల లోపల ఉండే చిన్న కంప్యూటర్లు) ఉన్నాయా, వాటికి ల్యాబ్ ఉందా చూడండి. నేను చదివినప్పుడు ఓపీటీ, అంటే చదువుకు సంబంధించిన ఉద్యోగం చేసుకునే అనుమతి, 12 నెలలు, స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, గణితం) కోర్సు కనుక మరో 24 నెలలు ఇచ్చేవారు. సెమిస్టర్ నడిచేటప్పుడు క్యాంపస్‌లో వారానికి 20 గంటలకు మించి పని చేయనివ్వరు. ఆ జీతం తిండికి సాయపడుతుంది గానీ, ఫీజుకు చాలదు.

ఐ-20 (వీసా కోసం విశ్వవిద్యాలయం పంపే పత్రం) రాగానే సూట్‌కేసులు కొనడానికి పరుగెత్తకండి. ముందు ఒక చిన్న ఎఫ్‌పీజీఏ బోర్డు కొని ఆ బటన్ లెక్క చేసి చూడండి. ఎంత దూకిందో ఇక్కడే రాయండి, విశ్వవిద్యాలయాల గురించి అప్పుడు మాట్లాడుకుందాం.