గొర్రెలు నేపియర్‌ను వదిలి అలసందనే తింటున్నాయన్న ప్రశ్నకు సమాధానం

పలమనేరు మిత్రులకు నమస్కారం. అలసంద, సూపర్ నేపియర్ (మేతకు పెంచే ఎత్తైన గడ్డి) పక్కపక్కనే వేస్తే గొర్రెలు అలసందను మొదలంటా కొరికి, నేపియర్‌ను ముట్టడం లేదని రాశారు. ఇది జబ్బు కాదు, గొర్రె స్వభావమే. ఆవు నాలుకతో గడ్డిని చుట్టి లాగుతుంది. గొర్రె సన్నని మూతితో, చీలిన పై పెదవితో లేత ఆకును ఏరుకుని తింటుంది కనుక, మాంసకృత్తులు ఎక్కువగా ఉండే పప్పుజాతి ఆకు వైపే ముందుగా పోతుంది. అయినా గడ్డిని పూర్తిగా విడిచిపెట్టదు. ఇంగ్లండులో క్లోవర్ అనే పప్పుజాతి మేతను, రైగడ్డిని పక్కపక్కన పెంచి గమనించినప్పుడు, గొర్రెలు సుమారు 70 శాతం క్లోవర్‌ను, మిగతాది గడ్డిని ఎంచుకున్నాయి; ఉదయం క్లోవర్ వైపు, సాయంత్రానికి గడ్డి వైపు మొగ్గాయి.

కాబట్టి మీ నేపియర్ ముదిరిపోయి ఉంటుందని నా అభిప్రాయం. గట్టిపడిన కాడను కొరకడం గొర్రెకు కష్టం. 40–45 రోజులకే కోసి, రెండు వంతుల గడ్డికి ఒక వంతు అలసంద చేర్చి, చాఫ్ కట్టర్‌లో సన్నగా నరికి తొట్టిలో వేయండి. అప్పుడు ఏరుకోవడానికి వీలు తగ్గుతుంది. పొలంలోనే మేపదలిస్తే, దయచేసి ఆకలిగొన్న మందను మంచు ఆరని అలసందలోకి తోలకండి; కడుపు ఉబ్బి గంటల్లోనే ప్రాణం పోవచ్చు. ముందుగా కొంత ఎండుగడ్డి తినిపించి, పొద్దెక్కాక కొద్దిసేపు మాత్రమే వదిలి, రోజురోజుకూ ఆ సమయాన్ని పెంచండి. అలసంద ఒక పంటతో అయిపోతుంది కనుక, గట్ల వెంబడి దశరథ గడ్డి (పేరులో గడ్డి ఉన్నా ఇదీ పప్పుజాతి మేతే) వేసుకుంటే ఏళ్ల తరబడి కోతకు వస్తుంది.